వ్యాక్స్ చేయించాక బానెట్ మీద మబ్బు చారలు, నల్ల ప్లాస్టిక్ మీద తెల్ల మరకలు. ఎట్లా తీయాలి?

గడియారం_సెంటర్
ముదురు నీలం రంగు కారు, నాలుగేళ్ళ బండి. మొన్న ఒక వాషింగ్ సెంటర్‌లో ఫుల్ వాష్‌తో పాటు వ్యాక్స్ కూడా చేయమని ఇచ్చాను. మిట్ట మధ్యాహ్నం, పైన షెడ్డు లేదు. కడిగిన తడి ఆరకముందే స్పాంజితో డబ్బాలోంచి ముద్దలు ముద్దలుగా తీసి బండి మొత్తానికి ఒకేసారి పూసేశారు. తర్వాత వేరే బండ్లు కడుక్కుని వచ్చి తుడవడం మొదలుపెట్టారు. అప్పటికే గట్టిపడి రావట్లేదు. ఇప్పుడు బానెట్, రూఫ్ మీద మబ్బుగా చారలు. బంపర్ కింది నల్ల ప్లాస్టిక్, వైపర్ల దగ్గర, డోర్ల కింద అంతా తెల్ల మరకలు. అడిగితే రెండు వానలు పడితే పోతుంది అన్నారు. నిజంగా పోతుందా? పక్కింటాయన కిరోసిన్‌తో తుడవమంటున్నారు. ముట్టుకోవాలంటేనే టెన్షన్‌గా ఉంది. ఇకమీదట ఇంట్లో నేనే చేసుకుందామని ఉంది, కాబట్టి తీయడమూ చెప్పండి, పెట్టడమూ చెప్పండి.

సూర్యాపేట_65
వానకు పోదు. నీళ్ళు నిలవకూడదనే కదా వ్యాక్స్ పెట్టేది, అది నీళ్ళకెట్లా పోతుంది?

పిల్లలమర్రి_నీడ
ముందు ఒక మాట. గోరుతో, స్క్రబ్బర్‌తో, ఎండిన గుడ్డతో గట్టిగా రుద్దకండి. మరక వ్యాక్స్‌ది. గీత పడితే అది పెయింట్‌ది అవుతుంది.

హైవే_డ్రైవర్
కిరోసిన్‌లో తప్పేముంది? మా నాన్న లారీకి ఇరవై ఏళ్ళు కిరోసిన్, డీజిల్‌తోనే తుడిచాడు. అద్దంలా మెరిసేది.

డెంటింగ్_పెయింటింగ్
మాది పెయింటింగ్ షాపు, రోజూ చూసే కేసే ఇది. భయపడాల్సింది ఏమీ లేదు, పెయింట్‌కు ఏమీ కాలేదు.

జరిగింది ఏంటంటే, వ్యాక్స్ పేస్టులో మైనంతో పాటు దాన్ని మెత్తగా ఉంచే సాల్వెంట్ ఉంటుంది. నీడలో, చల్లటి రేకు మీద అది నిదానంగా ఆవిరై పల్చటి పొర మిగులుతుంది. మన ఎండలో ముదురు రంగు బానెట్ మీద చెయ్యి పెట్టి ఉంచలేం. అంత వేడి మీద సాల్వెంట్ క్షణాల్లో ఎగిరిపోతుంది, మైనం అక్కడే బిగుసుకుంటుంది. పైగా మందంగా పూశారు. పై పొర ఆరి లోపల పచ్చిగా ఉన్న చోట చారలు, పూర్తిగా ఎండిన చోట తెల్లటి మబ్బు.

తీయడం ఇట్లా. సాయంత్రం ఎండ తగ్గాక గానీ పొద్దున్నే గానీ, రేకు చల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టండి. బండిని శుభ్రంగా కడిగి ఆరబెట్టండి, దుమ్ము ఉండగా మాత్రం వద్దు. తర్వాత అదే రకం వ్యాక్స్ కొంచెం తీసుకుని, జానెడు జాగా మీద పల్చగా రాయండి. ఆరనివ్వకుండా వెంటనే మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచేయండి. కొత్త వ్యాక్స్‌లో ఉన్న సాల్వెంట్ పాత గట్టి పొరను మెత్తబరుస్తుంది, రెండూ కలిసి గుడ్డకు వచ్చేస్తాయి. ఒక చోట అయ్యాక పక్క చోటికి. గుడ్డ వైపు మారుస్తూ ఉండాలి, అదే వైపుతో తుడిస్తే తీసిందే మళ్ళీ పూసినట్టు.

గడియారం_సెంటర్
వ్యాక్స్‌ను తీయడానికి మళ్ళీ వ్యాక్సా? వాళ్ళు ఏది వాడారో తెలియదు.

డెంటింగ్_పెయింటింగ్
ఏదైనా మెత్తటి పేస్ట్ వ్యాక్స్ చాలు. అది వద్దనుకుంటే క్విక్ డీటెయిలర్ అని, కడిగిన బండికి మెరుగు పెట్టే స్ప్రే దొరుకుతుంది, కొట్టి తుడవండి. రెండింటికీ లొంగకపోతే మొత్తం వ్యాక్స్ తీసేసి మొదటి నుంచి మొదలుపెట్టడమే. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఒక వంతు, నీళ్ళు మూడు వంతులు కలిపి స్ప్రే బాటిల్‌లో పోసి గుడ్డ మీద కొట్టుకుని తుడవండి. పెయింట్ మీద నేరుగా పోసి నానబెట్టొద్దు.

హైవే_డ్రైవర్
నా ప్రశ్నకు జవాబు రాలేదు. కిరోసిన్ ఎందుకు వద్దు?

వనపర్తి_టీచర్
మీ నాన్నగారి లారీ మీద అప్పుడు ఉన్న పెయింట్ వేరు అన్నా. ఇప్పటి కార్లకు రంగు పైన క్లియర్ కోట్ అనే రంగులేని పల్చటి పొర ఉంటుంది. కిరోసిన్ గ్రీజును, తారును కరిగిస్తుంది, అది నిజం. కానీ జిడ్డు పొర వదిలిపోతుంది. ఆ తడి మెరుపే అద్దంలా కనపడేది. ఆ జిడ్డుకు మన రోడ్డు దుమ్మంతా అతుక్కుంటుంది. డోర్ల రబ్బరు బీడింగుకు కూడా మంచిది కాదు. అసలు వాసనకే పిల్లలు బండి ఎక్కరు.

హైవే_డ్రైవర్
దుమ్ము పట్టే మాట ఒప్పుకుంటాను. కానీ కొత్తగా తారు పోసిన రోడ్డు మీద వెళ్ళొస్తే డోర్ల కింద పడే నల్ల చుక్కలకు మాత్రం కిరోసిన్‌ను మించింది లేదు.

డెంటింగ్_పెయింటింగ్
ఆ చుక్కల వరకు సరే. గుడ్డ మూలకు కొంచెం అద్దుకుని చుక్క మీద పెట్టి, కరిగాక తుడిచి, వెంటనే షాంపూ నీళ్ళతో కడగాలి. బండి మొత్తానికి వద్దు. పెట్రోల్ అయితే అసలే వద్దు, నిప్పుతో పని.

జడ్చర్ల_ఎక్స్_రోడ్
నల్ల ప్లాస్టిక్ సంగతి ఎవరూ చెప్పలేదు. నా అనుభవంలో పెయింట్ మీద పొర కన్నా అదే కష్టం. ఆ ప్లాస్టిక్ పైభాగం నునుపుగా ఉండదు, చిన్న చిన్న గుంటల్లోకి వ్యాక్స్ వెళ్ళి కూర్చుంటుంది. తుడిచినకొద్దీ ఇంకా లోపలికి పోతుంది. పాత మెత్తటి టూత్ బ్రష్, గోరువెచ్చటి నీళ్ళు, గిన్నెలు తోమే లిక్విడ్. నురగ చేసి అన్ని వైపులకూ తిప్పుతూ రుద్ది కడిగేయాలి. అప్పటికీ మిగిలితే పైన చెప్పిన ఆల్కహాల్ నీళ్ళే బ్రష్‌తో. చివర్లో ప్లాస్టిక్‌కు రాసే ట్రిమ్ డ్రెస్సింగ్ రాస్తే నలుపు తిరిగి వస్తుంది.

పాలమూరు_పల్లి
పీనట్ బటర్ రాస్తే పోతుంది. నిజంగానే చెబుతున్నా.

సూర్యాపేట_65
మీ పేరులోనే పల్లి ఉంది, మీరు ఇంకేం చెబుతారు 😄

పాలమూరు_పల్లి
నవ్వండి నవ్వండి. అందులో ఉన్న నూనె వ్యాక్స్‌ను మెత్తబరుస్తుంది, పల్లి పొడి గరుకుదనం గుంటల్లోంచి బయటికి లాగుతుంది. రాసి, బ్రష్‌తో రుద్ది, సబ్బు నీళ్ళతో కడిగేయాలి. కడగకుండా వదిలేస్తే చీమలు పడతాయి, అది మాత్రం గుర్తుంచుకోండి. పాలమూరు, వనపర్తి, గద్వాల దిక్కు పల్లికి కొదవ లేదు.

వనపర్తి_టీచర్
మా పిల్లల టిఫిన్ బాక్సులోది బండికి పూయను గానీ, పద్ధతి పనిచేస్తుంది. మా అన్నయ్య బంపర్ మీద చేసి చూపించాడు.

ఇక పెట్టడం గురించి. నేను చాలా ఏళ్ళుగా మా బండికి నేనే చేసుకుంటున్నాను, అందుకే కొంచెం వివరంగా రాస్తాను.

వ్యాక్స్ మురికిని తీసేది కాదు, కింద ఏది ఉంటే దాని మీద మూతలా కూర్చుంటుంది. అందుకే సగానికి పైగా పని వ్యాక్స్ డబ్బా మూత తీయకముందే ఉంటుంది. రెండు బకెట్లు పెట్టుకోండి, ఒకటి షాంపూ నీళ్ళు, ఒకటి మంచి నీళ్ళు. పైన రూఫ్ నుంచి కిందికి రావాలి. గుడ్డను ప్రతిసారీ మంచి నీళ్ళలో జాడించాకే షాంపూలో ముంచాలి. కింది భాగాలు చివర్లో, చక్రాలకు వేరే గుడ్డ. కడిగి తుడిచాక ఒక పల్చటి పాలిథిన్ కవర్‌లో చెయ్యి పెట్టి బానెట్ మీద మెల్లగా జరపండి. ఉత్త చేతికి తెలియని గరుకు కవర్ లోంచి తెలుస్తుంది. గరుకుగా ఉంటే క్లే బార్ వాడాలి, అంటే పెయింట్‌కు అతుక్కున్న మురికిని లాగేసే మెత్తటి ముద్ద, అదీ జారడానికి లూబ్రికెంట్ స్ప్రే బాగా కొట్టుకుంటూ. క్లే కింద పడితే ఆ ముక్క పారేయాలి, దానికి అంటిన ఇసుక పెయింట్‌ను చీరేస్తుంది. నునుపుగా ఉంటే క్లే అక్కర్లేదు.

వ్యాక్స్ పల్చగా రాయాలి, దోసె పెనానికి నూనె తుడిచినంత పల్చగా. ఒక డోరుకు చిటికెన వేలి గోరంత పేస్టు చాలా ఎక్కువే. తడిపి పిండిన ఫోమ్ ప్యాడ్‌తో రాసినప్పుడు అసలు రాశామా లేదా అన్నట్టు ఉండాలి, కళ్ళకు తెల్లగా కొట్టొచ్చినట్టు కనపడితే ఎక్కువైనట్టే. మందంగా పెడితే ఎక్కువ రోజులు ఉంటుందని అందరూ అనుకుంటారు. ఉండదు. పెయింట్‌కు పట్టుకునేది ఆ అడుగు పొరే, మిగతాది మీ గుడ్డకు, మీ భుజానికి పని.

ఒక్కో భాగమే చేయాలి. బానెట్ సగం రాసి, మిగతా సగం రాసి, మొదటి సగం చూడాలి. వేలితో చిన్న గీత గీయండి. వేలి కింద పెయింట్ శుభ్రంగా మెరిస్తే తుడవొచ్చు. ముద్దగా సాగితే ఇంకొంచెం ఆగాలి. కొన్ని వ్యాక్స్‌లు ఆరకముందే తుడవాలి, అది డబ్బా మీద రాసి ఉంటుంది, చదవండి. తుడిచే గుడ్డను నాలుగు మడతలు వేస్తే రెండు వైపులా ఎనిమిది ముఖాలు వస్తాయి. మొదట ఒక ముఖంతో ఒత్తిడి లేకుండా పైపొర ఎత్తేయండి, తర్వాత శుభ్రమైన ముఖంతో మెరుగు పెట్టండి. నల్ల ప్లాస్టిక్ అంచులకు ముందే మాస్కింగ్ టేపు వేసుకుంటే పీనట్ బటర్ దాకా పోవాల్సిన పనే ఉండదు. ముందు అద్దానికి మాత్రం తగలనివ్వకండి, వానలో వైపర్ వేయగానే మసక కమ్ముతుంది.

మిల్లు_రోడ్డు
మేడమ్, చాలా బాగా రాశారు. మాది మిర్యాలగూడ. ఒక్క మాట కలుపుతాను. మిల్లుల దగ్గర ఊక కాల్చిన బూడిద గాలిలో వచ్చి రాత్రికి రాత్రే బండి మీద పడుతుంది. ఊక బూడిదలో అత్యధిక భాగం సిలికానే. పొద్దున్నే ఈకల కట్టతోనో పొడి గుడ్డతోనో దులిపితే గరుకు కాగితంతో రుద్దినట్టే. మా వీధిలో నల్ల కార్లన్నీ ఎండలో చూస్తే గుండ్రంగా సాలెగూడు గీతలు, అన్నీ పొద్దున దులిపినవే. ముందు నీళ్ళు కొట్టాలి, బూడిద కారిపోవాలి, ఆ తర్వాతే చెయ్యి పెట్టాలి.

మట్టంపల్లి_దారి
మా వైపు సిమెంటు దుమ్ము. రాత్రి మంచు పడితే దాని మీదే గట్టిపడుతుంది. ఫ్యాక్టరీకి డ్యూటీకి వెళ్ళే బండ్లన్నింటిదీ ఇదే గోస. వ్యాక్స్ ఉన్న బండికి తొందరగా వదులుతుంది, లేని బండికి పట్టుకుని కూర్చుంటుంది. పట్టేసిన దానికి తెల్ల వెనిగర్, నీళ్ళు సమంగా కలిపి తడి గుడ్డ కాసేపు పరిచి, మెత్తబడ్డాక బాగా కడిగేస్తాం. ఆరనివ్వకూడదు. దాంతో వ్యాక్స్ కూడా బలహీనపడుతుంది, మళ్ళీ పెట్టుకోవాలి.

మునుగోడు_బోరు
మాకు కడిగిన ప్రతిసారీ తెల్ల చుక్కలు. మా నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ కదా, అందుకే వ్యాక్స్ పెట్టినా నిలవట్లేదు.

పిల్లలమర్రి_నీడ
చుక్కలు కట్టేది ఫ్లోరైడ్ కాదు. బోరు నీళ్ళలో ఉండే కాల్షియం, మెగ్నీషియం ఉప్పులు. నీళ్ళు ఆవిరైతే అవి మిగులుతాయి. గీజర్ రాడ్డుకు పట్టే తెల్ల పెచ్చు అదే. వ్యాక్స్ ఉన్నప్పుడు నీళ్ళు ముత్యాల్లా నిలుస్తాయి. చూడ్డానికి బాగుంటుంది, ఎండలో ఆరనిస్తే ప్రతి ముత్యం ఒక చుక్క అవుతుంది. కాబట్టి తప్పు వ్యాక్స్‌ది కాదు, తుడవకుండా వదిలేయడానిది. చివరి జాడింపు ఒక బకెట్ మిషన్ భగీరథ నల్లా నీళ్ళతో చేసి వెంటనే తుడవండి.

మునుగోడు_బోరు
వాటర్ ప్లాంటులో బయటికి వదిలేసే నీళ్ళు ఉచితంగా ఇస్తారు, దాంతోనే కడుగుతున్నాం. ఫిల్టర్ నీళ్ళే కదా?

పిల్లలమర్రి_నీడ
అయ్యో అన్నా, అసలు కారణం అక్కడే ఉంది! ఆర్‌వో ప్లాంటు మంచి నీళ్ళను ఒక పక్కకు తీసి, ఉప్పులన్నీ రెండో పక్కకు తోస్తుంది. ఉచితంగా ఇచ్చేది ఆ రెండో పక్క నీళ్ళు. మీ బోరు నీళ్ళ కన్నా గట్టి నీళ్ళు అవి.

మునుగోడు_బోరు
ఈ మాట ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదు. రేపటి నుంచి బంద్.

కొత్త_బండి_2
ఇంత కష్టం ఎందుకు? పెయింట్ మీద గట్టి పొరలా పట్టే సిరామిక్ కోటింగ్ చేయిస్తే రెండేళ్ళు మరిచిపోవచ్చు. హైదరాబాద్‌లో అందరూ అదే చేయిస్తున్నారు. ఈ ఎండలకు వ్యాక్స్ నెల కూడా ఉండదు.

జడ్చర్ల_ఎక్స్_రోడ్
రెండేళ్ళు మరిచిపోతే రెండేళ్ళకు పాడవుతుంది. సిరామిక్ వేసినా గట్టి నీళ్ళ చుక్కలు పడతాయి, పిట్ట రెట్ట తింటుంది, కడగడం తప్పదు. గీతలు పడవని చెప్పి అమ్ముతారు, పడతాయి. కోటింగ్ ముందు పెయింట్‌ను సరిచేయకపోతే ఉన్న గీతల మీదే మూత వేసినట్టు. ఆ ఖర్చులో వ్యాక్స్ డబ్బాలు ఎన్ని వస్తాయో లెక్క వేసుకోండి.

కొత్త_బండి_2
ఖర్చు సరే, టైమ్ సంగతి? నెలకోసారి ఆదివారం మొత్తం బండి వెనక తిరగలేను. షాపు పెట్టుకున్న వాళ్ళకు ఆదివారమే బిజీ.

డెంటింగ్_పెయింటింగ్
ఇద్దరి మాటా ఒక్కో బండికి సరిపోతుంది. బండి కొత్తది, షెడ్డు ఉంది, డబ్బు పెట్టగలరు, టైమ్ లేదు అంటే మంచి చోట సిరామిక్ వేయించండి. బండి పాతది, బయట చెట్టు కింద నిలుస్తుంది అంటే వ్యాక్స్ చాలు. వ్యాక్స్‌లో కూడా రకాలున్నాయి. కార్నౌబా అనేది బ్రెజిల్‌లో పెరిగే ఒక తాటిజాతి చెట్టు ఆకుల నుంచి వచ్చే మైనం, సుమారు 82 నుంచి 86 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మెరుపు లోతుగా ఉంటుంది, ముదురు రంగులకు అందం. మన ఎండలో బయట నిలిచే బండికి నెల, నెలన్నర అనుకోండి. మైనం బదులు రసాయనాలతో చేసే సింథటిక్ సీలెంట్ అయితే దాని కన్నా చాలా ఎక్కువ నిలుస్తుంది, వేసవికి ముందు అదే మేలు. టైమ్ లేని వాళ్ళు కడిగి తుడిచేటప్పుడే స్ప్రే వ్యాక్స్ కొట్టుకోవచ్చు, మొత్తం బండికి అరగంట కూడా పట్టదు.

ఒకటి మాత్రం గట్టిగా చెబుతున్నా. వ్యాక్స్ వేరు, పాలిష్ వేరు, రబ్బింగ్ వేరు. వ్యాక్స్ ఒక పొర కలుపుతుంది. పాలిష్, రబ్బింగ్ పొర తీస్తాయి. క్లియర్ కోట్ మందం సుమారు 40, 50 మైక్రాన్లే, అంటే మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. ఏటా దసరాకు రబ్బింగ్ కొట్టిస్తూ పోతే ఒకరోజు రూఫ్ మీద తెల్లగా పెచ్చులు లేస్తాయి. అప్పుడు మా షాపుకే రావాలి. నాకు పని దొరుకుతుంది గానీ, ఒరిజినల్ పెయింట్ పోయినందుకు నాకే బాధ అనిపిస్తుంది.

నల్లమల_రైడర్
పిట్ట రెట్ట మాట వచ్చింది కాబట్టి. చెట్టు నీడ ఉందని వేప కింద, చింత కింద పెడతాం. రెట్టలో ఆమ్లం ఉంటుంది, ఎండకు పెయింట్ వేడెక్కినప్పుడు లోపలికి తింటుంది. వ్యాక్స్ ఉంటే కొన్ని గంటలు ఓర్చుకుంటుంది, అంతే. ఎండిన రెట్టను గోకొద్దు, తడి గుడ్డ వేసి నానాక ఎత్తేయండి. శ్రీశైలం రోడ్డులో రాత్రి మన్ననూర్ దాటి వెళ్ళినప్పుడు బంపర్‌కు పట్టే పురుగులకూ ఇదే పద్ధతి. వ్యాక్స్ పెట్టిన ముందు బంపర్ ఎంత తొందరగా శుభ్రమవుతుందో ఒకసారి చూస్తే మళ్ళీ వదలరు.

సాగర్_నీళ్ళు
మైక్రోఫైబర్ గుడ్డలు రెండు ఉతుకులకే గట్టిపడి గీతలు పెడుతున్నాయి, ఏ కంపెనీవి కొనాలి?

వనపర్తి_టీచర్
కంపెనీ కన్నా ఉతకడం ముఖ్యం. మామూలు బట్టలతో కలపొద్దు, నూలు పోగులన్నీ పట్టుకుంటాయి. సువాసన కోసం వేసే ఫ్యాబ్రిక్ కండిషనర్ అసలు వేయొద్దు, పోగుల మీద పూత పట్టి పీల్చడం మానేస్తాయి. గోరువెచ్చటి నీళ్ళు, కొంచెం లిక్విడ్ సోప్, నీడలో ఆరబెట్టడం. చక్రాలకు వాడిన గుడ్డ మళ్ళీ బానెట్ దగ్గరికి రాకూడదు. కింద పడ్డ గుడ్డ కూడా.

గడియారం_సెంటర్
నిన్న పొద్దున్నే మొదలుపెట్టాను. బానెట్, రూఫ్ మీద పొర పైన చెప్పినట్టు కొత్త వ్యాక్స్‌తోనే వచ్చేసింది, ఒక మూల మాత్రం ఆల్కహాల్ నీళ్ళు కావాల్సి వచ్చింది. ప్లాస్టిక్‌కు బ్రష్, లిక్విడ్. వైపర్ల దగ్గర సందుల్లో ఇంకా కొంచెం ఉంది. రంగు మళ్ళీ నీలంగా కనపడుతుంటే ఎంత సంతోషంగా ఉందో. అందరికీ థాంక్స్. వాళ్ళు డబ్బు తిరిగి ఇవ్వలేదు గానీ, ఇకపై నీడలోనే చేస్తామన్నారు.

హైవే_డ్రైవర్
సందుల్లో దానికి ఇయర్ బడ్‌ను ఆల్కహాల్‌లో ముంచి తీయండి. కిరోసిన్ అనలేదు చూడండి.

మిల్లు_రోడ్డు
😄👏

తెల్ల_స్విఫ్ట్
దసరా వస్తుంది కదా. నాది తెల్ల బండి. పోయినసారి యాదగిరిగుట్టకు తీసుకెళ్ళి పూజ చేయిస్తే బానెట్ మీద పసుపు మరక చాలా రోజులు ఉంది. ముందు వ్యాక్స్ పెడితే పట్టకుండా ఉంటుందా?

వనపర్తి_టీచర్
తగ్గుతుంది. పూజకు రెండు రోజుల ముందే పెట్టేయండి, పొర కుదురుకోవడానికి టైమ్ ఉంటుంది. పూజ అయ్యాక ఆ సాయంత్రమే తడి గుడ్డతో తీసేయండి. కొబ్బరి నీళ్ళు చిందిన చోట కూడా కడగాలి, ఎండితే జిగురు. సబ్బు నీళ్ళు తగలగానే పసుపు ఎర్రగా మారుతుంది, చూసి కంగారు పడొద్దు, అది పసుపు గుణం. కడిగాక కూడా పచ్చ ఛాయ మిగిలితే రసాయనాలు పూయకుండా ఎండలో పెట్టండి. పసుపు రంగు ఎండకు దానంతటదే వెలిసిపోతుంది. పూలదండ సెల్లో టేపుతో అంటించకుండా మాస్కింగ్ టేపు వాడండి.

తెల్ల_స్విఫ్ట్
ఇంకొక్కటి. ముందు బంపర్‌కు పోయిన వారమే కొత్తగా పెయింట్ వేయించాను. దానికీ పెట్టొచ్చా?

డెంటింగ్_పెయింటింగ్
పెయింట్ బూత్‌లో, అంటే మూసిన గదిలో, వేడి మీద ఆరబెట్టారా, బయట గాలికి ఆరిందా? కొత్త పెయింట్‌లోంచి సాల్వెంట్ ఇంకా బయటికి పోతూ ఉంటుంది, దాని మీద వ్యాక్స్ మూత పెట్టకూడదు. బూత్ అయితే నెల, గాలికి ఆరింది అయితే రెండు మూడు నెలలు ఆగండి. దసరాకు మిగతా బండికి పెట్టుకోండి, బంపర్‌ను ఉత్త నీళ్ళతో కడగండి. బొట్టు ముందు అద్దం పై మూలన పెట్టమని పూజారి గారిని అడగండి, కాదనరు.